రెండో గేరు చప్పుడు

రండి, జర ఇటు జరిగి కూర్చోండి. కుర్చీలు ఇంకా మూటల వెనకే ఉన్నాయి, చాప మీద సర్దుకుంటే అందరికీ చోటు సరిపోతుంది. నేను చెప్పబోయేది మా ఇంటి కారు గురించి. ఆ కారు ఏ పొద్దున ఎట్లా దగ్గేదో, ఏ వానకు ఎక్కడ కారేదో, ఏ మూల ఏ వాసన వచ్చేదో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని మొన్నటిదాకా అనుకున్నాను. చదువు అంతగా అబ్బకపోయినా జ్ఞాపకం మాత్రం గట్టిదని మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. ఎవరి పెళ్ళిలో ఏ కూర వండారో కూడా నన్నే అడుగుతారు. ఇప్పుడు ఆ జ్ఞాపకం మీదే నాకు అనుమానం వచ్చింది. మీకు మొదటి నుంచీ చెప్తే నాకే ఏదైనా తేటపడుతుందేమో.

మధురానగర్‌లో మా ఇల్లు అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చేశాం. ఇల్లు కూల్చే మనుషులను కూడా బిల్డరు వాళ్ళు మాట్లాడేసుకున్నారు. పంజగుట్టలో ఈ ఫ్లాటు కిరాయికి తీసుకుని సామానంతా చేరవేశాం. మా అమ్మ ఒక్కతే చేరలేదు. ఎనభై దాటిన మనిషి, ఖాళీ ఇంట్లో నులక మంచం మీద కూర్చుని కదలనంది. ఆటో వద్దంది, ఫోనులో పిలిచే కారు వద్దంది. నడిచినా పోగలిగేంత దూరం గదా అంటే మొహం తిప్పుకుంది. చివరికి, "గీ ఇంటికి నేనొచ్చింది మా బండిల. పోవుడు సుత మా బండిలనే పోత," అంది. మా బండి అంటే మా బాపు అంబాసిడర్. బాపు పోయినప్పటి నుంచి అది వాకిట్లో మునగచెట్టు కింద టార్పాలిను కప్పుకుని పడి ఉంది. పిల్లులు దాని కిందే ఈనేవి. అమ్మ రోజూ దాని పక్క నుంచే పోయి చెట్టుకు నీళ్ళు పోసేది గానీ, బాపు పోయాక ఒక్కసారి కూడా తలుపు తీసి ఎక్కలేదు. అసలు ఎక్కుతుందో లేదో, ఆ బండి కదులుతుందో లేదో మాకెవరికీ తెలియదు. కూల్చేవాళ్ళు మాత్రం రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడి పోతున్నారు.

మా తమ్ముడు నర్సింలు కొడుకు వినయ్ కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తాడు. వాడికి పాత బండ్ల పిచ్చి. "నానమ్మ అడిగింది బండే కదా అత్తమ్మా, నేను చేయిస్త," అని ఆ కారును లారీ మీద ఎక్కించి సనత్‌నగర్‌లో తనకు తెలిసిన ఉస్తాద్ షెడ్డుకు తీసుకుపోయాడు. ఉస్తాద్ చూసి, పాత ఇంజను ఇక లేవదన్నాడట. అప్పుడు వినయ్ జపాను వాళ్ళ ఇంజనొకటి తెచ్చి దాంట్లో పెట్టించాడు. కొత్త గేర్లు, కొత్త బ్రేకులు, స్టీరింగు చిటికెన వేలితో తిరిగేటట్టు ఏదో అమరిక, దానికి కావలసిన కాగితాలు, అన్నీ చేయించాడు. బాపు కుట్టిన సీటు కవర్లు తీసేస్తానంటే మాత్రం నేను షెడ్డుకు పోయి తగవు పెట్టుకున్నాను. ముందు సీటుదైనా ఉంచమన్నాను, ఉంచాడు. ఆ పోయిన రోజే పాత ఇంజనును చూశాను. ఒక మూల గోనెసంచి మీద పెట్టారు, నల్లగా, నూనె కారుతూ. నాకు ఏడుపు ఆగలేదు. మా బాపునే అక్కడ పడుకోబెట్టినట్టు అనిపించింది. ఉస్తాద్ పాపం ఒక స్టూలు తెచ్చి వేసి, చాయ్ తెప్పించి అవతలికి పోయాడు. దాన్ని తుక్కుకు వేయొద్దని వినయ్ దగ్గర మాట తీసుకుని వచ్చాను.

మా బాపుది సిరిసిల్ల. తాతల నాటి నుంచి మగ్గం నేసినవాళ్ళు. మగ్గం కూడు పెట్టడం మానేశాక బాపు పట్నం వచ్చి కుట్టుపని నేర్చుకుని, పంజగుట్టలో కార్ల సీట్లకు కవర్లు కుట్టే కొట్టు పెట్టాడు. చిన్న పనులు ఇంటికే తెచ్చుకునేవాడు. అందుకని మా ఇంట్లో రెగ్జిను వాసన, దూదీ స్పాంజీ వాసన, అంటించే సొల్యూషను ఘాటు, వాటి మీద అమ్మ వేసే పోపు వాసన అన్నీ కలిసి ఉండేవి. ఇప్పటికీ కొత్త సోఫా ఉన్న ఇంటికి పోతే నాకు ఆకలవుతుంది. బాపు దగ్గర కవర్లు కుట్టించుకునే డాక్టరు సారు ఒకరు కొత్త కారు కొనుక్కుని, పాతది బాపుకు ఇచ్చాడు. మేము మధురానగర్ ఇంటికి వచ్చింది ఆ బండిలోనేనట. అప్పుడు నేను అమ్మ ఒళ్ళో ఉన్నాను, తమ్ముడు ఇంకా పుట్టలేదు. గల్లీలో మొదటి కారు మాదే కావడంతో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరింట్లో పెళ్ళికొడుకు బయల్దేరినా బాపునే పిలిచేవారు. పెళ్ళికొడుకును దింపి వచ్చినప్పుడు వెనక సీటు మీద బంతిపూల రెక్కలు ఉండేవి. వాటిని ఏరి నేనూ తమ్ముడూ పంచుకునేవాళ్ళం.

ఆ బండి పొద్దున దానంతట అది లేచేది కాదు. నెట్టాల్సిందే. మా గల్లీ పైనుంచి కిందికి వాలుగా దిగుతుంది, కింద మలుపు దగ్గర కిరాణా కొట్టు ఉండేది. బాపు రాత్రే బండిని కిందికి మొహం పెట్టి నిలిపేవాడు. పొద్దున్నే అందరికీ ఎవరి చోటు వాళ్ళకు ఉండేది. ఎడమవైపు వెనక దీపం దగ్గర తమ్ముడు, డిక్కీ మధ్యలో నేను, కుడివైపు మా ఇంట్లో కిరాయికున్న సారు. పక్కింటి పెద్దాయన నోట్లో వేపపుల్లతోనే వచ్చి ఒక చెయ్యి వేసేవాడు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆ చోటు ఖాళీగా కనపడేది, మధ్యాహ్నం అమ్మ వాళ్ళింటికి పోయి ఎట్లా ఉందని అడిగి వచ్చేది. అమ్మ మాత్రం ఎప్పుడూ నెట్టలేదు. ఎక్కడికైనా వచ్చేదుంటే, టిఫిను గిన్నె చేతిలో పట్టుకుని ముందే గల్లీ దిగి కిరాణా కొట్టు దగ్గర నిలబడేది. మేం నెడితే బండి దొర్లి, దొర్లి, సగం వాలు దిగాక ఒక్కసారి ఎగిరిపడి దడదడమని అందుకునేది. నల్లటి పొగ మా మొహాల మీద కొట్టేది. అమ్మ దగ్గరికి వచ్చేసరికి బాపు పూర్తిగా ఆపకుండా నెమ్మది చేసేవాడు, అమ్మ చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఎక్కేది. బండి ఆపితే ఇంజను చచ్చిపోతుందని అందరికీ భయం. ఇంజను లేవని బండిలో అమ్మ ఏనాడూ కూర్చోలేదు, అదొక నియమంలా అయిపోయింది.

సాయంత్రం లెక్క వేరు. కింద మలుపు తిరిగాక ఎత్తు ఎక్కడానికి బాపు రెండో గేరు వేసేవాడు. ఆ చప్పుడు మారడం మా వంటింట్లోకి వినిపించేది. వినపడగానే అమ్మ పెనం పొయ్యి మీద పెట్టి జొన్న పిండి ముద్ద చేతిలోకి తీసుకునేది. బయట దడదడ, లోపల రొట్టె చరిచే టపటప. బాపు బండిని వెనక్కూ ముందుకూ తిప్పి కిందికి మొహం పెట్టి ఆపి, కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చునేసరికి మొదటి రొట్టె పొంగి ఉండేది. ఒకసారి ఎవరిదో ట్యాక్సీ మా గల్లీ ఎక్కింది. అమ్మ దాని చప్పుడు విని రొట్టె వేసేసింది. పొరపాటు తెలిశాక ఆ వేడి రొట్టెను, పచ్చిపులుసు గిన్నెను నా చేత ఆ డ్రైవరుకే పంపించింది. ఆయనకు ఎందుకు పెట్టారో అర్థం కాక, తినాలా వద్దా అని నా మొహం చూస్తూ తిన్నాడు. నాకు బాపు అంటే ఆ దడదడే. ఇప్పటికీ ఎక్కడైనా పాత డీజిలు బండి ఎత్తు ఎక్కుతుంటే నా చేతులు పిండి కోసం చూస్తాయి.

ఇక తరలిన రోజు సంగతి. వినయ్ బండిని ఇంటి ముందుకు తెచ్చి ఆపాడు. తెచ్చాడని మాకు తెలియనే తెలియలేదు. గేటు తీసి చూస్తే నిలబడి ఉంది. రంగు అదే ముదురు ఎరుపు, ముందున్న గుండ్రటి కళ్ళు అవే, కానీ మెరుస్తోంది. మనకు బాగా తెలిసిన మనిషి ఆసుపత్రి నుంచి బాగై వచ్చినట్టు ఉంది, పలకరించడానికి మొహమాటం. నర్సింలు దాని చుట్టూ తిరిగి చూశాడు. అమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. బానెట్ మీద చెయ్యి వేసింది. వినయ్ తలుపు తీసి పట్టుకున్నాడు.

అమ్మ ఎక్కలేదు. కర్రతో గల్లీ కిందికి చూపించింది. "నెట్టుండ్రి. నేను కొట్టుకాడ నిలవడుత."

వినయ్‌కు అర్థం కాలేదు. "నెట్టుడు ఎందుకు నానమ్మా, ఇంజను నడుస్తనే ఉన్నది."

"ఏడ నడుస్తుంది? సప్పుడేది?"

"సప్పుడు రాదు. గదే దీని గొప్పతనం. చూడు, లైట్లు సుత ఎలుగుతున్నయ్."

"లైట్లదేముందిరా, బ్యాటరీ ఉంటె ఎలుగుతయ్," అని అమ్మ తలుపు మూసేసింది. "మీ తాత సుత గట్లనే అనేటోడు, ఇగ లేస్తది, అగ లేస్తది అని. నన్ను లేవని బండిల కూసోబెట్టకు."

వినయ్ బానెట్ ఎత్తి చూపించాడు. లోపల ఏదో తిరుగుతోంది, కానీ మా అమ్మ చూపుకు అదేమీ ఆనలేదు. చెయ్యి పెట్టి చూడమంటే కాలుతుందని వెనక్కి తీసుకుంది. వాడు నా వైపు చూశాడు. నాకూ నిజం చెప్పాలంటే ఆ బండి నడుస్తున్నట్టు అనిపించలేదు. గేటు దగ్గర కూల్చేవాళ్ళు సమ్మెటలు, పారలు కింద పెట్టి చోద్యం చూస్తున్నారు. అమ్మ మళ్ళీ లోపలికి పోయి మంచం మీద కూర్చుంటే ఇక ఎవరూ లేపలేరని నాకు తెలుసు. కర్ర అప్పటికే ఇంటివైపు తిరుగుతోంది. అప్పుడు నర్సింలు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. వాడికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కడానికే తిప్పలు పడతాడు. పోయి ఎడమవైపు వెనక దీపం దగ్గర నిలబడ్డాడు, చిన్నప్పటి చోటులో.

"అక్కా, రా," అన్నాడు. "వినయ్, నువ్వు నోరు మూసుకొని స్టీరింగు పట్టుకో. గేరు తియ్యి."

"నడిచే బండిని నెడతరా డాడీ?"

"నెడతం."

నేను అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించాలి గనుక డిక్కీ దగ్గర నా చోటు ఖాళీ అయింది. మా ఎదురింట్లో హాస్టలు నడిపే భీమవరం ఆవిడ అరుగు మీది నుంచి చూసి, "ఏంటండీ, కొత్త ఇంజన్ వేయించారన్నారు, అప్పుడే మొరాయించిందా?" అని అడిగారు. వినయ్ మొహం చూడాల్సింది. ఎన్ని నెలలు ఆ ఇంజను గురించి గల్లీ అంతా చెప్పుకున్నాడో. ఏదో అనబోయి, నర్సింలును చూసి పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆవిడ హాస్టల్లో ఉండి అమీర్‌పేట్‌లో కోచింగు తీసుకునే పిల్లలు బ్యాగులు అరుగు మీద పడేసి వచ్చారు. కూల్చేవాళ్ళలో ఇద్దరు కూడా వచ్చారు. కుడివైపు ఎవరు, మధ్యలో ఎవరు అని నర్సింలు చోట్లు చెప్తుంటే మా కిరాయి సారు, వేపపుల్ల పెద్దాయన గుర్తొచ్చారు. ఇద్దరూ లేరిప్పుడు.

నేనూ అమ్మా ముందు నడిచాం. కిరాణా కొట్టు ఉన్న చోట ఇప్పుడు కరివేపాకు రంగు బోర్డుతో కర్రీ పాయింటు ఉంది. అమ్మ సరిగ్గా పాత చోటే వెతుక్కుని నిలబడింది, చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. వెనక నుంచి పిల్లల నవ్వులు, నర్సింలు కేకలు వినబడ్డాయి. బండి దొర్లుతూ వచ్చింది. దడదడ లేదు, పొగ లేదు. వినయ్ మా ముందు ఆపాడు. పూర్తిగా ఆపాడు. అమ్మ గబగబా తలుపు పట్టుకుని, నేను ఎత్తి పట్టుకుంటే, ఎక్కి కూర్చుంది. కూర్చున్నాక కదలకుండా వింది. కింద నుంచి సన్నగా, కుండలో నీళ్ళు మరిగే ముందు వచ్చేలాంటి చప్పుడు.

"ఆగింది గాని సావలే," అంది.

"సావదు నానమ్మా," అన్నాడు వినయ్.

నేనూ నర్సింలూ వెనక ఎక్కాం. నర్సింలు ఆయాసపడుతూ చెమట తుడుచుకుంటున్నాడు. అమ్మ చెయ్యి తన కింద సీటును తడుముతోంది. బాపు కుట్టిన కవరు, అంచుకు జంట కుట్టు. ఇప్పుడు ఏడుస్తుందని నేను కొంగు సిద్ధం చేసుకున్నాను. అమ్మ ఇటూ అటూ కదిలి, "గిది గుచ్చుకుంటుంది. ఇంతల చేసినవ్, గీ సీటు సుత మార్చరాదు రా," అంది. వినయ్ అద్దంలో నా వైపు చూశాడు. నేను కిటికీ బయటికి చూశాను.

అమీర్‌పేట్ మీదుగా పోయాం. మెట్రో స్తంభాల నీడలు ఒకదాని తర్వాత ఒకటి అమ్మ మొహం మీద పడి పోతున్నాయి. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఒక పిల్లాడు కోచింగు కాగితాలు కిటికీలోంచి లోపల వేశాడు. అమ్మ వాటిని మడిచి ఒళ్ళో పెట్టుకుంది. కొంచెం దూరం పోయాక తనంతట తానే అంది: "కొత్తల గిట్లనే ఉండె."

"ఏందమ్మా?" అన్నాను.

"గీ బండి. డాక్టరు సారు ఇచ్చినప్పుడు గిట్లనే మెల్లగ పోయేది. మీ బాపు ఆ లారీ ఇంజను పెట్టించకముందు."

నేను ముందుకు వంగాను. ఏ లారీ ఇంజను అని అడిగాను. అప్పుడు చెప్పింది. అది అసలు పెట్రోలు బండి అట. పెట్రోలుకు తట్టుకోలేక బాపు సనత్‌నగర్ తీసుకుపోయి దాని ఇంజను తీయించి డీజిలుది పెట్టించాడట. అప్పటికి నాకు బడి ఈడు రాలేదు. నేను బాపు అనుకుని గోనెసంచి దగ్గర ఏడ్చిన ఇంజను, నెట్టించుకున్న ఇంజను, మా మొహాల మీద పొగ కొట్టిన ఇంజను ఆ రెండోది. ఆ చప్పుడు ఇంట్లోకి వచ్చాక అమ్మ చాలా రోజులు బాపుతో మాట్లాడలేదట. నెత్తి మీద రోకలి దంచినట్టు ఉండేదంది.

"మరి రొట్టె?" అన్నాను.

అమ్మ వెనక్కి తిరగకుండానే చెప్పింది. "పెట్రోలు బండి ఉన్నప్పుడు ఎప్పుడొచ్చెటోడో తెల్వకపోయేది బిడ్డా. పిల్లి లెక్క వచ్చి పీట మీద కూసునేటోడు. సల్లారిన రొట్టెలే తినేటోడు పాపం. ఆ రెండో గేరు దడదడ వచ్చినంకనే ఏడి రొట్టె తిన్నడు. గదొక్కటే దాంతోని మంచిగయ్యింది."

పంజగుట్ట వచ్చేశాం. ఫ్లాటు కింద బండి ఆగాక అమ్మ దిగలేదు. ఇంకో చుట్టు తిప్పమంది. వినయ్ లక్డీకాపూల్ దాకా తిప్పి తీసుకొచ్చాడు. పాత ఇంటి వైపు పోదామా అని నర్సింలు అడిగితే, అక్కడేముందని అంది.

అప్పటి నుంచి నాకు అయోమయంగానే ఉంది. ఏది మా బండి? నేను ఇన్నేళ్ళు దాని గొంతు అనుకున్నది, మా అమ్మకు వేరే వాళ్ళ గొంతు. వినయ్ పెట్టిన కొత్త ఇంజను మా బండిని మార్చేసిందని నేను కుళ్ళుకుంటుంటే, అమ్మకు అది పాత రోజుల్లోకి తిరిగిపోయినట్టు ఉంది. బాపు ఉంటే ఏమనేవాడో అనుకుందామంటే, ఆయనే ముందు మార్చాడు కదా. అప్పుడు ఒక్క బండి లేవడానికి గల్లీ అంతా లేచేది. ఇప్పుడు వేలితో నొక్కితే లేస్తుంది, పక్క ఫ్లాటులో ఎవరున్నారో మాకు ఇంకా తెలియదు. అయితే నెట్టే రోజుల్లో నా చేతులు ఎంత నొప్పి పెట్టేవో కూడా నాకు గుర్తుంది, పొగకు తమ్ముడు ఎంత దగ్గేవాడో గుర్తుంది. అది బాగుండేదా, ఇది బాగుందా అని నన్ను అడిగితే రెండు వైపులా తల ఊపుతాను. షెడ్డులో ఉన్న ఆ ఇంజనును ఏం చేయాలని వినయ్ మళ్ళీ అడిగాడు. చెప్తాను ఆగమన్నాను.

ఒక సంగతి మాత్రం జరిగింది. నిన్న సాయంత్రం అమ్మ ఆ కిటికీ దగ్గర కూర్చుంది. మూడో అంతస్తులోకి కింది బండ్ల మోత అంతా కలిసి ఒకటే హోరుగా వస్తుంది, దాంట్లో ఏదీ విడిగా వినపడదు. అమ్మ ఫోను మోగింది. వినయ్ ఆ బండిలోనే ఆఫీసు నుంచి వస్తూ పంజగుట్ట సిగ్నలు దగ్గర ఆగి చేశాడు. ఎప్పుడూ ఇట్లా చేయని వాడు. అమ్మ ఫోను గట్టిగా పెట్టుకుని వింటుంది గనుక నాకూ వినపడింది.

"నానమ్మా, రెండో గేరు ఏస్తున్న," అన్నాడు.

అమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నా వైపు చూసి, "ఇంకేం చూస్తున్నవ్, పెనం పెట్టు," అంది.

పిండి డబ్బా ఏ మూటలో ఉందో వెతికి, నేను రొట్టె చరిచాను. ఇది అదేనా, వేరేనా అని చరుస్తూ కూడా ఆలోచించాను. వాడు లిఫ్టు దిగి లోపలికి వచ్చేసరికి మొదటి రొట్టె పొంగింది.

మీరు ఇంతసేపు నా మాట విన్నారు. మీ ఇంటికి వచ్చేవాళ్ళు చప్పుడు చేస్తూ వచ్చినా, చప్పుడు లేకుండా వచ్చినా, వాళ్ళు మలుపు తిరిగిన సంగతి మీకు వేళకు తెలియాలి. మీ పెనం మీది రొట్టె చల్లారకూడదు. మీ బండి మొరాయించిన రోజున నాలుగు చేతులు పిలవకుండానే దాని వెనక్కి రావాలి. చల్లగా ఉండండి.